సమాధుల చెంత మన విధి

చైనీయులు ఏటా ఏప్రిల్ 4, 5 తేదీల ప్రాంతమున ఛింగ్‌మింగ్ పర్వదినమున పూర్వీకుల సమాధులకడ ముందుగా కలుపు పెరికి, నేల ఊడ్చి, పిమ్మట ధూపమిడుదురు. మన సిక్కోలు, విజయనగర సీమలలో షాబాన్ 15వ రాత్రి ముస్లిములు ఖబరస్తానులలో ఫాతిహా చదువుదురు. భాద్రపద అమావాస్యనాడు హిందువులు తర్పణములు విడుతురు. ఆచారములు వేరైనను కృతజ్ఞత ఒక్కటియే.

విజయనగరమున ఖాదర్ వలీ బాబా ఉర్సుకు అన్ని మతములవారును తరలివత్తురు. ఇది ముదావహము. కాని మహనీయుల దర్గాలకు చాదరులు కప్పి, కన్నవారి గోరీలను ముళ్ళపొదలకు వదలుట గౌరవమా? కాదని మా అభిప్రాయము. పేరు చెక్కిన రాయి లేని గోరీయు ఎవరో ఒకరి తల్లిదే.

విద్యార్థులారా! షబే బరాత్‌కు ముందొక ఆదివారము కొడవలి, చీపురు చేతబట్టుదము. కళాశాల సంఘమువారు ఆ దినమును నిర్ణయింపవలెనని మా మనవి.