గానమును, ఘోషయు

మొన్న ఒకనాటి సాయంకాలము హైకోర్టు నుండి వెలువడి, మదీనా చౌరస్తా మీదుగా పత్తర్‌గట్టి కమానుల క్రింద నడచి, చార్మినారు దాటి, సుల్తాన్‌షాహీ వైపు పోయితిమి. అచ్చట మాకు వ్యవహారమేమియు లేదు. దాయిరా మీర్ మోమినులో ఒక సమాధిని చూడవలెనని చాలకాలముగ కోరిక. మహమ్మద్ కులీ కుతుబుషాహుకు పేష్వాగ నుండి, ఈ నగరనిర్మాణమున ముఖ్యపాత్ర వహించిన మీర్ మోమిను అస్త్రాబాదీ అచ్చటనే నిద్రించుచున్నాడు. సాలార్‌జంగు వంశీయులును అచ్చటనే. ఆ దొరల నడుమ, ఇచ్చట జాగీరు గాని పుట్టుక గాని లేని పంజాబీ గాయకుడొకడు కలడు. ఆయన ఉస్తాద్ బడే గులాం అలీ ఖాను.

ద్వారము చెంత పూలమ్మువానిని ఖాన్‌సాబు సమాధి యెచ్చటనని యడిగితిమి. మా నల్లకోటు వంక చూచి, "ఏ ఖాన్‌సాబు, వకీల్‌సాబ్? ఇక్కడ ఖాన్‌సాబులు చాలామంది ఉన్నారు" అని నవ్వెను. వానిని తప్పుపట్టము. పుస్తకములు చదివిన మేమే నలుబదియేండ్లు దాటిన పిదప గదా పోయితిమి!

1902లో కసూరున పుట్టి, పటియాలా సంప్రదాయమునకు వన్నె తెచ్చిన ఈ మహనీయుడు దేశవిభజనానంతరము పాకిస్తానులో చేరిన తన ఊరికి పోయెను. కాని అచ్చట మనసు నిలువక మరల ఇటు వచ్చెను. మొరార్జీ దేశాయిగారి తోడ్పాటుతో 1957లో భారత పౌరుడయ్యెను. ఇంటింట నొక బిడ్డకు సంగీతము నేర్పియుండినచో దేశము చీలియుండెడిది కాదని ఆయన అనెడివాడని చెప్పుకొందురు. చీలికకు కారణము లింకను చాల కలవని మావంటి వాదులు వాదింపవచ్చును. మా వాదములచే మాత్రము అది ఆగినదా?

చలనచిత్రములలో పాడుట ఆయనకు సమ్మతము కాదు. 'మొఘల్-ఎ-ఆజం' చిత్రమున తాన్‌సేనునకు గొంతు నీయుమని కె. ఆసిఫు వెంటబడగా, వదిలించుకొనుటకై పాటకు 25,000 రూపాయలు అడిగెనట! పేరుమోసిన నేపథ్యగాయకులకే పాటకు ఐదువందలు దాటని రోజులవి. ఆసిఫు మారుమాటాడక ఒప్పుకొనెను. 1960లో వెలువడిన ఆ చిత్రమున నౌషాదు సారథ్యమున సోహనీ, రాగేశ్రీ రాగములలో ఆయన పాడిన రెండు పాటలు నేటికిని నిలిచియున్నవి. సినిమా పాట యనిన ముక్కు విరుచు పెద్దలు ఈ సంగతి మరువరాదు.

తుదిదినములలో పక్షవాతమునకు లోనైయు పాట మానలేదు. 1968 ఏప్రిలులో, నవాబు జహీర్‌యార్ జంగు అతిథిగ బషీర్‌బాగు భవనమున నుండి కన్నుమూసెను. ఆ భవనము నేడు లేదు. అచ్చటి రహదారికి ఆయన పేరు పెట్టిరి గాని, ఆటో నెక్కి ఆ పేరు చెప్పినచో గమ్యము చేరుట సందేహమే.

మేము మరలి వచ్చునప్పటికి బాగుగ చీకటిపడినది. శాలిబండ చెంత ఒక పెండ్లి ఊరేగింపు ఎదురైనది. లారీపై గోడవలె పేర్చిన పెట్టెలు. వాని నుండి వెలువడునది పాటయో భూకంపమో చెప్పజాలము. దుకాణముల అద్దములు గజగజలాడెను. ఒక తల్లి చంటిబిడ్డ చెవులను రెండు చేతుల మూసి గోడకు ఒదిగి నిలిచినది. పెండ్లికొడుకు గుఱ్ఱము బెదరెను. పాపము, ఆ ఘోషలో ఆయనకును తన పెండ్లిపాట వినబడియుండదు.

2024 అక్టోబరు 1న నాటి నగర పోలీసు కమీషనరు సి. వి. ఆనందుగారు మతసంబంధమైన ఊరేగింపులలో డీజేలను, బాణసంచాను నిషేధించుచు ఉత్తర్వు వెలువరించిరి. మేమది హర్షించితిమి, నేటికిని హర్షించుచున్నాము. ఆ యేటనే సెప్టెంబరు 17న గణేశ నిమజ్జనము పడుటచే ముస్లిము సోదరులు తమ మిలాదు ఊరేగింపును 19వ తేదీకి జరుపుకొనిరి. వీధిని పంచుకొన నేర్చిన జనము చెవిని పంచుకొనలేరా?

పెండ్లి బరాతు మత ఊరేగింపు కాదు గదా యని సందు వెదకువారు కలరు. ఆ సందు లేదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు పెండ్లివారికిని, వేలుపులకును సమానమే. నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదు. రాత్రి పదింటి నుండి ఉదయము ఆరింటి వరకు బహిరంగమున ధ్వనివర్ధకములు మ్రోయరాదు. పండుగలకై ఏడాదిలో పదునైదు దినములు మించకుండ అర్ధరాత్రి వరకు సడలింపు నిచ్చు అధికారము మాత్రము ప్రభుత్వమునకు కలదు. ఒల్లనివానికి బలవంతముగ వినిపించు హక్కు ఎవరికిని లేదని 2005లో సుప్రీముకోర్టు తేల్చి చెప్పినది. చట్టమునకు కొదువ లేదు. ఫిర్యాదు చేయుటకు పొరుగువాని మొగమోటమే అడ్డు. ఆ రాత్రి మేమును నోరు మెదపక తొలగి పోయితిమి.

డీజేలు రాకమునుపు ఈ వీధులు మౌనముగ నుండెనా? లేదు. మర్ఫా మ్రోగుచుండెను. హద్రమౌతు నుండి వచ్చిన అరబ్బులును, నిజాము కొలువున అశ్వదళమున నుండిన ఆఫ్రికా సిద్దీలును తెచ్చిన ఆ వాద్యము హిందువుల పెండ్లిండ్లలోను, ముస్లిముల పెండ్లిండ్లలోను ఒక్కరీతిగ మ్రోగినది. లాల్‌దర్వాజ బోనాలనాడు డప్పు దరువు ననుసరించియే పోతరాజు అడుగు పడును. అదియు చప్పుడే, కాదనము. కాని కొట్టువానికి చేతులు నొచ్చును, ఊపిరి అలయును. కావున వాద్యమునకు దానంతట అదే హద్దు ఏర్పడును. యంత్రమునకు అలసట యెక్కడిది? పైగా డీజే బండి యొకటి వచ్చినచో పదిమంది వాద్యగాండ్రు పని లేక ఇంటికి పోవలసినదే. ఘోష యందలి నష్టములలో మాకు ఎక్కువ బాధ కలిగించున దిది.

ఇంత వ్రాసియు మాకొక సంకోచము కలదు. ఆ లారీ ముందు చిందులు వేయుచున్నది ఇరువదియేండ్ల పడుచువారు. ఇరుకు గల్లీలలో పెరిగినవారు. వీధియే వారి రంగస్థలము. రవీంద్రభారతి మూసీకి ఆవలనున్నది, శిల్పకళావేదిక ఎచ్చటనో మాదాపురముననున్నది. మన పెద్ద సంగీతసభలు ఎక్కువగ అటువైపుననే జరుగును. ఈవలివానికి నిషేధము నొసగి, పాట నీయకుండుట న్యాయమా?

కావున మా మనవి యిది. వచ్చు ఏప్రిలులో, ఉస్తాదు కన్నుమూసిన మాసమున, ఖిల్వతు మైదానమున ఒక సాయంకాలము సంగీతసభ జరుగవలెను. శ్మశానమున పాటకచేరీ తగదని కొందరందురు. మేమును దాయిరాలో పెట్టుమనుట లేదు. టికెట్టు ఉండరాదు. ముందు మర్ఫా, డప్పు, పిదప ఖవ్వాలీ, కడపట ఖయాలు, ఠుమ్రీ. పదింటికి సభ ముగియవలెను. నియమమును కోరిన మేమే నియమము తప్పరాదు. శాస్త్రీయ సంగీతమునకు పాతబస్తీ జనము రారని ఒక మిత్రుడు మాతో పందెము కట్టినాడు. పందెము సంగతి ఏప్రిలులో తేలును. అనుమతికై అర్జీ మేము వ్రాసెదము. కుర్చీలు మోయుటకు ఇరువదిమంది వాలంటీర్లు కావలెను. ఒకరము మేమున్నాము.