రొమ్ముపరీక్షకు అడ్డెవరు?

బాపట్ల జిల్లా పర్చూరు ప్రాంతపు నల్లరేగడి చేలలో పత్తితీతయు, మిరపకోతయు ప్రధానముగ స్త్రీల చేతిమీదుగనే సాగుచున్నవి. ఆ స్త్రీల ఆరోగ్యమును గూర్చి మన పఠనమందిరములలో ఎన్నడైన చర్చ జరిగినదా?

భారత స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో రొమ్ము క్యాన్సరుదే నేడు అగ్రస్థానము. 2022లో 1,92,000 మందికి పైగా ఈ వ్యాధి క్రొత్తగా కలిగెననియు, 98,000 మందికి పైగా మరణించిరనియు అంతర్జాతీయ అంచనా. అయినను 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, దేశమున 30-49 ఏండ్ల స్త్రీలలో ఒక్కమారైన ఈ పరీక్ష చేయించుకొన్నవారు నూటికొక్కరైనను లేరు!

వయస్సు మీరుట, తల్లికో తోబుట్టువుకో ఈ వ్యాధి వచ్చియుండుట, స్థూలకాయము దీని అపాయమును హెచ్చించును. ఇవి లేనివారికిని రావచ్చును. తొలుత పుట్టు గడ్డ తరచుగ నొప్పి పెట్టదు. నొప్పి లేనిది రోగమే కాదను నమ్మకము మన కొంప ముంచుచున్నది.

యంత్రములు లేని పల్లెలలో పరీక్ష యెట్లని కొందరందురు. బొంబాయి టాటా స్మారక వైద్యశాలవారు 1998లో ఆరంభించి, లక్షన్నర స్త్రీలపై ఇరువది యేండ్లు సాగించిన పరిశోధన దీనికి సమాధానము చెప్పినది. శిక్షణ పొందిన స్త్రీలు చేతితో తడిమి చూచుటచేతనే వ్యాధి ముందుగ పట్టుబడినది. ఏబదియేండ్లు దాటినవారిలో మరణములు నూటికి సుమారు 30 వంతులు తగ్గినవి. ముప్పదియేండ్లు నిండిన స్త్రీలకు ఐదేండ్లకొకమారు ఇట్టి పరీక్ష జరుపవలెనని 2016లో కేంద్రప్రభుత్వము నిర్దేశించినది.

మరి అడ్డెవరు? కొంత సిగ్గు, కొంత భయము. అంతకు మించి కూలి. 2007లో ఆరోగ్యశ్రీ పేర మొదలైన ప్రభుత్వసహాయము పేదల చికిత్సవ్యయమును భరించును గాని, గుంటూరు పోవు బస్సుఛార్జీని, పోగొట్టుకొన్న దినకూలిని ఎవరు భరింతురు? తల్లికి క్యాన్సరన్న కూతురి పెండ్లి చెడునను అపోహయు నోరు నొక్కుచున్నది. ఇది అంటువ్యాధి కాదు; తల్లికి వచ్చినంతమాత్రాన కూతురికి వచ్చి తీరునని లేదు.

కావున మేము కోరునది స్వల్పము. పరీక్షలు కోతలు లేని దినములలో, సాయంకాలము, చాటుగల గదిలో, స్త్రీల చేతనే జరుగవలెను. గడ్డ కనబడినవారిని పెద్దాసుపత్రికి చేర్చు బాధ్యత పంచాయతీ వహింపవలెను. కూలిపోయిన దినమునకు ఆసామి కూలి ఈయవలెను. ఇక పాఠక మహాశయులారా! మీ యింటి స్త్రీలు మీ యనుమతికై వేచియుండవలసిన పని లేదు. అయినను వేచియున్నారు. "రేపు పోయి చూపించుకొనుము, వంట నేను చూచుకొందు" నని నేటి రాత్రియే చెప్పుడు. ఆ మాటకు ఖర్చు లేదు. చెప్పకున్న నష్టమునకు మేర లేదు.