తోడేళ్ళ కథలేనా?

"ఈ వయసులో తోడేళ్ళ కథలేమిటే, చోద్యం కాకపోతే!" అని వెక్కిరించాడు అన్నయ్య. నా చేతిలో ఉన్నది పెట్రీషియా బ్రిగ్స్ 2006లో రాసిన 'మూన్ కాల్డ్'. హీరోయిన్ మెర్సీ హిస్టరీ చదివి, కార్లు రిపేరు చేస్తుంది. ఆమెకి పని నేర్పింది ఇనుముకి బెదరని మాయజాతి ముసలాయన. పక్కింటాయన తోడేలు మనుషుల గుంపుకి నాయకుడు. ఆ గుంపులో ఆడదాని హోదా మొగుణ్ణిబట్టే! మొగుడు లేనిదానికి అట్టడుగే. పైగా ఆయనగారు మెర్సీని ఒక్కమాటైనా అడక్కుండా, ఈమె నాదని గుంపులో ప్రకటించేశాడు. ఆమె రక్షణ కోసమేనట!

ఇది కట్టుకథేనంటారా? నన్నడక్కుండా తాంబూలాలు పుచ్చుకొచ్చి, "నీ మంచికేనమ్మా" అన్నారు నాన్నగారు. పక్కన తలూపింది ఈ అన్నయ్యే!

మెర్సీ కనీసం కోప్పడింది. నేను పట్టుచీర కట్టుకున్నాను.

అందుకే చెబుతున్నాను, ఈ పుస్తకం రేపు మా అమ్మాయి చేతికి నేనే ఇస్తాను. అన్నయ్య కూడా చదవచ్చు, సిగ్గుపడకపోతే!