అంగడి ఫోనుకు బదులు పలికే యంత్రం

సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే అనంతపురం సీమలో తోటల ప్రాణం బోరుబావులలో ఉన్నది. నడివేసవిలో బోరు మోటారు కాలిపోయిన చీనీ రైతుకు ఒక్కొక్క దినమూ గండమే. అట్టి వేళ అతడు ఫోను చేసేది మోటారు వైండింగ్ అంగడికి. అక్కడ యజమానియే పనివాడు. చేతిలో రాగి తీగ ఉండగా ఫోను మ్రోగి మ్రోగి ఆగిపోతుంది. ఇతనికి బేరం పోతుంది. అతనికి తోట ఎండుతుంది.

ఈ లోటు తీర్చే సాధనం నేడు కృత్రిమ మేధ రూపంలో లభిస్తున్నది. యజమాని ఎత్తని ఫోను యంత్రానికి మళ్ళుతుంది. అది విన్న మాటను అక్షరాలుగా మార్చుకొని, భావం గ్రహించి, ముందుగా తనకిచ్చిన వివరాలననుసరించి కంఠస్వరంతో బదులు పలుకుతుంది. రైతు పేరు, ఊరు, మోటారు హార్సుపవరు వ్రాసి ఉంచుతుంది.

చిన్న వ్యాపారి ఇక్కట్లు టెలిఫోను చరిత్రను మార్చడం క్రొత్త కాదు. అమెరికాలోని కాన్సాస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారం చేసిన ఆల్మన్ స్ట్రోజర్, తనకు రావలసిన ఫోనులను ఆపరేటరు పోటీదారునికి మళ్ళిస్తున్నదని అనుమానించాడని చెబుతారు. ఆపరేటరు అవసరం లేని ఎక్స్‌ఛేంజికి ఆయన 1891లో పేటెంటు పొందాడు. ఆ యంత్రానికి అంకెలు తెలిస్తే చాలు. నేటి యంత్రానికి మన మాట తెలియాలి.

ఏ మాట? "మోటారు కాలిపాయె, ఎప్పుడొస్తావప్పా?" అనేవారొకరు. "మోటర్ జల్ గయీ భాయ్, కబ్ ఆతే?" అనేవారొకరు. రెండూ కలిపి మాట్లాడేవారు మన వీధులలో ఎందరో! భారతీయ భాషలకు ఇట్టి సాధనాలు సమకూర్చడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో 'భాషిణి'ని ప్రారంభించింది. అయితే పుస్తకాల భాష మాత్రమే నేర్చిన యంత్రం మన సీమ యాసకూ, దక్కనీకీ తడబడక తప్పదు.

అంతకంటె పెద్ద దోషం మరొకటి కలదు. తెలియని దానిని తెలిసినట్లు కల్పించి చెప్పడం ఈ యంత్రాలకు అలవాటు. "రేపు ఉదయం వస్తారు" అన్న ఒక్క ఉత్తమాటను నమ్మి రైతు ఎదురుచూస్తే, నష్టం యంత్రానిది కాదు. కనుక అది మొదటనే తాను యంత్రమని చెప్పాలి. ధర, గడువు విషయంలో మాట ఇచ్చే అధికారం యజమానికే ఉండాలి. మనిషితో మాట్లాడాలన్నవారిని యజమానికి కలపాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నది పెద్దల మాట. ఆ నోరు యంత్రానిదైనా నీతి మారదు.

విద్యార్థులారా! రెండు భాషలు తెలిసిన మీకు ఇది తగిన పని. అంగళ్ళకు వెళ్ళి, వచ్చే ప్రశ్నలను యథాతథంగా సేకరించండి. యంత్రాన్ని వాడుకలో పెట్టకముందే మీ ఇంటి మాటలతో ఫోను చేసి పరీక్షించండి. సమ్మతి లేకుండా ఎవరి గొంతునూ, వివరాలనూ దాచరాదు. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో చట్టమే వచ్చింది. కళాశాల కమిటీవారు తెలుగు, ఉర్దూ, వాణిజ్య శాఖల విద్యార్థులను ఇందుకు జతపరచిన యెడల, మన చదువు ఎండిన తోట గట్టు వరకు చేరగలదని నా విశ్వాసం.