కొండెక్కాలంటే మొక్కే ఉండాలా?

తిరుమలకు నడిచి వెళ్తామంటే మనింట్లో ఎవరూ కాదనరు. అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు కూడా మెట్టుమెట్టుకీ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ ఎక్కేస్తారు. అదే కోడలు, ‘డిసెంబర్లో నలుగురు స్నేహితురాళ్లం అరకు కొండల్లో రెండ్రోజులు నడుస్తాం, ఒక పూట సైకిలు తొక్కుతాం’ అని చూడమనండి! మగవాళ్లెవరొస్తున్నారు? వంటెవరు చేస్తారు? ఈ వయసులో సైకిలేమిటి? మొక్కుకున్నప్పుడు కాళ్లకి వచ్చే బలం, ముచ్చటపడినప్పుడు ఎక్కడికి పోతుందో నాకర్థం కాదు.

చేతకాకనా? 1984లోనే బచేంద్రీపాల్ ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎక్కేసింది. సైకిలంటారా, 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోటై జిల్లాలో అక్షరాలతో పాటు సైకిలూ నేర్చుకున్న ఆడవాళ్లు వేలమంది. మనలోనూ హైస్కూలుకి సైకిలు మీద వెళ్లినవాళ్లు తక్కువేం కాదు. పెళ్లయ్యాక ఆ సైకిలు తమ్ముడిదైపోయింది, అంతే!

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. విశాఖలో పొద్దున్నే రైలెక్కితే యాభైకి పైగా సొరంగాలు దాటుతూ చేరుకోవచ్చు. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూలు పసుపు పరిచినట్టుంటాయి. (ఫొటోల కోసం చేలల్లోకి దిగి తొక్కకండి, అది నూనెగింజల పంట, ఒక రైతు కష్టం.)

నెల ముందు నుంచీ రోజూ ఓ గంట నడవండి, లిఫ్టు మానేసి మెట్లెక్కండి. కొత్త బూట్లతో నేరుగా కొండెక్కితే బొబ్బలే. డిసెంబర్లో అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది, నాలుగింటికే వెనక్కి తిరగాలి. దారి తెలిసిన ఊరివాళ్లని తోడు తీసుకోండి, బేరాలాడకుండా డబ్బివ్వండి. అద్దె సైకిలైతే ముందు బ్రేకులు చూడండి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టారా, హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతారు. రెండూ కలిపి మెల్లగా పట్టాలి. మంచు విడిచేదాకా రోడ్డెక్కొద్దు. చున్నీ ఇంట్లోనే వదిలెయ్యండి, చెయిన్లో చిక్కుకుంటే ప్రమాదం. దోమల మందు మరవద్దు, మన్యంలో మలేరియా ఉంది.

ఎవరూ పైకి అనని మాటొకటుంది. మరుగుదొడ్డి దొరకదన్న భయంతో మనవాళ్లు ప్రయాణంలో నీళ్లే తాగరు. చలిలో దాహం తెలియదు కూడా, కళ్లు తిరిగేదాకా! బయల్దేరిన చోటా, మధ్యాహ్నం ఆగే చోటా ఆ సదుపాయం ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మొహమాటమెందుకు?

ఇక ఇంటి సంగతి. రెండ్రోజుల కూరలూ వండి ఫ్రిజ్‌లో సర్ది, పిల్లల బట్టలు ఇస్త్రీ చేసి పెట్టి వెళ్లమని కొందరు సలహా ఇస్తారు. నేనివ్వను. ఆ చాకిరీకే సగం ఓపిక పోతుంది. ‘వెళ్లు, నేనొద్దన్నానా’ అనే భర్తలు చాలామందే ఉన్నారు. ఆ మంచిమాటతో పాటు కుక్కరు కూడా ఆయన చేతికి ఇవ్వండి. రెండ్రోజులు పప్పూ అన్నంతో ఎవరూ చిక్కిపోరు.

డిసెంబరు చివర్లో అరకులో గదులు దొరకడం కష్టం. ఆ తర్వాత సంక్రాంతి పనులు ఉండనే ఉంటాయి. కనక రెండోవారంలో ఏదో ఒక తేదీ ఖాయం చేసుకుని, క్యాలెండర్ మీద గుండ్రంగా సున్నా చుట్టండి. గ్యాసు బుక్ చేసిన తేదీ పక్కనే, అందరికీ కనపడేలా.