కరుణకు కాసులెందు కనువారికి

వైద్యకళాశాలలలో కరుణతో గూడిన రోగిసేవను నేర్పుటకై యేదో యొక చిన్న పథకమును దలపెట్టి, దానికి గావలసిన స్వల్పధనముకొఱకు ఏ ధర్మసంస్థకో, ఏ విశ్వవిద్యాలయమునకో దరఖాస్తు వ్రాయబూనిన యువాధ్యాపకునకు ధనాభావముకన్న ముందుగా నెదురగునది పెద్దల పెదవివిరుపు. "దయ పుట్టుకతో రావలెను గాని గ్రాంటుతో వచ్చునా?" యని యొకరందురు. "ఆ కొద్దిపాటి సొమ్ముతో నేమగును? అడిగినచో కోటి యడుగవలెను, లేదా యూరకుండవలెను" అని మఱియొకరందురు. ఈ రెండు మాటలును అనుభవజ్ఞుల నోటనుండియే వెడలుచుండుటచేత వానికి లోకమున సిద్ధాంతగౌరవము లభించినది. నేను వానిని రెంటిని నిరాకరించుచున్నాను. మొదటిది అసత్యము, రెండవది చరిత్ర నెఱుగని మాట.

దయ సహజగుణమే యనుకొందము. సహజమైనది చదువు సాగినకొలది తఱుగరాదు గదా! కాని ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్యకళాశాలలో విద్యార్థులను ఏటేట పరిశీలించి 2009లో ప్రకటించిన పరిశోధన, వారి సహానుభూతి మూడవ సంవత్సరమున గణనీయముగా క్షీణించుచున్నదని చూపినది. అక్కడ మూడవ సంవత్సరమనగా విద్యార్థి పుస్తకమును ప్రక్కనుంచి వార్డులో నడుగిడి, రోగి ముఖమును దినదినమును చూడసాగు కాలము. ఏ వేళ దయ వేళ్లూనవలెనో ఆ వేళనే యది వాడిపోవుచున్నదన్న, ఆ నేరము వాని పుట్టుకపై మోపుట న్యాయమా? నిద్ర లేని డ్యూటీలును, పదిమంది యెదుట పెద్దవైద్యులు పెట్టు చీవాట్లును, పేరుగల మనుష్యుని "ఆరవ బెడ్డు లివరు కేసు" అని పిలుచు వాడుకయు ఆ యువకుని నానాట గట్టిపఱచును. 1984లో బెక్మన్, ఫ్రాంకెల్ అనువారు అమెరికాలో వైద్యుల సంభాషణలను పరిశీలింపగా, రోగి తన బాధ జెప్ప మొదలిడిన పిమ్మట సగటున 18 సెకనులకే వైద్యుడు అడ్డుపడుచుండినట్లు తేలినది. ఆ వైద్యులు నిర్దయులై పుట్టిరని యెవ్వరును అనజాలరు. వినుటయు, నాడి చూచుటవలెనే, అభ్యాసమున గాని పట్టువడని విద్య. అభ్యాసమునకు గురువు కావలెను, వేళ కావలెను, కూర్చుండుటకు చోటు కావలెను. ఇవి యేవియు ఉచితముగా లభించునవి గావు.

మన దేశమున భారత వైద్య పరిశోధన మండలి 1979 నుండి ఎం.బి.బి.ఎస్. విద్యార్థుల స్వల్పకాలిక పరిశోధనలకు వేతనమిచ్చుచున్నది. జిజ్ఞాస పుట్టుకతో రావలెను గాని వేతనముతో వచ్చునా యని దాని నాక్షేపించిన పెద్దను నేనెఱుగను. జిజ్ఞాసకు చెల్లిన న్యాయము కరుణకేల చెల్లకపోవలెను?

ఇక చిన్న మొత్తము మాట. 1948లో లండనులోని యొక ఆస్పత్రిలో డేవిడ్ టాస్మా యను పోలండు దేశపు యూదుడు, భోజనశాలలో వడ్డనచేసి బ్రదికినవాడు, క్యాన్సరుతో మరణించుచు, తన మంచమువద్దకు వచ్చి మాటలాడుచుండిన సిసిలీ సాండర్స్ అను ఆస్పత్రి సంక్షేమోద్యోగినికి 500 పౌనులు వ్రాసియిచ్చెను. మరణాసన్నులకై ఆమె కట్టదలచిన గృహమునకు తానొక కిటికీగా నుండవలెనని యతని కోరిక. ఆమె అటుపిమ్మట వైద్యవిద్య నభ్యసించి, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను తెఱచినది. నేడు ప్రపంచమందంతట ఉపశమనసేవ యనుపేర జరుగుచున్న వైద్యమున కది మాతృగృహము. ఆ 500 పౌనులతో భవనము లేవలేదు, నిజమే. కాని యొక మనుష్యుడు తన సర్వస్వమును విశ్వసించి యిచ్చిన యా సొమ్ము ఆమెను పందొమ్మిదేండ్లు ఋణబద్ధురాలిని జేసినది. కోటి రూపాయల మంజూరు కాగితము లెన్నింటికి ఆ శక్తి కలదు?

బోస్టను నగర న్యాయవాది కెనెత్ శ్వార్ట్జ్ నలువదవ యేట ఊపిరితిత్తుల క్యాన్సరు పాలయి, యంత్రములకన్న తనకు మనుష్యుల చిన్నచిన్న ఆదరణలే యోర్పు నిచ్చినవని పత్రికలో వ్రాసి, 1995లో మరణించుటకు ముందు, వైద్యులయందు కరుణను పెంచుటకే యొక సంస్థను నెలకొల్పెను. వైద్యులు, నర్సులు ఒకచోట గూడి రోగచర్చ విడిచి తమ మనోవేదనలను జెప్పుకొను సభలను ఆ సంస్థ ఆరంభించినది. అవి యిపుడు అమెరికాయందును బ్రిటనునందును అనేక ఆస్పత్రులలో జరుగుచున్నవి. ఆ సభకు గావలసిన దేమి? ఒక గది, ఒక గంట, ఆ గంటసేపు వారి డ్యూటీ చూచు మఱియొకరు, ఇంత భోజనము. మన దక్షిణమున కోళిక్కోడులో 1993లో ప్రభుత్వ వైద్యకళాశాల నాశ్రయించి కొందఱు వైద్యులు నెలకొల్పిన ఉపశమనసేవాసంఘము, ఇరుగుపొరుగువారి చిన్నచిన్న చందాలతోను స్వచ్ఛంద సేవకులతోను కేరళమంతట వ్యాపింపగా, 2008లో ఆ రాష్ట్రప్రభుత్వము ఉపశమనసేవకై ప్రత్యేక విధానమునే ప్రకటించినది. అచ్చట చిన్న సొమ్ము ముందు నడచినది, ప్రభుత్వము వెంట వచ్చినది.

తెలుగునాట నిట్టి దరఖాస్తు దేనికి వ్రాయవచ్చునని యడుగువారికి, నా కెన్నడును మనసునుండి వీడని యొక పని చెప్పెదను. మన విద్యార్థి అయిదేండ్లు ఇంగ్లీషున జదువును. రోగి తెలుగున బాధపడును. పోటు వేఱు, సలుపు వేఱు, తీపు వేఱు, మంట వేఱు, గుంజుట వేఱు. "కడుపులో దేవుచున్నది" అన్న ముసలమ్మ మాటను పట్టణమున బెరిగిన బాలుడు పోల్చుకొనలేడు. "నొస్తున్నది" అన్న కరీంనగరు రైతును కోస్తా విద్యార్థి మరల మరల ప్రశ్నించి విసిగించును. అంతకన్న కష్టమేమన, బిడ్డకు వచ్చినది క్యాన్సరని తల్లికి జెప్పవలసిన ఘడియలో వాని కలవడిన మాటలన్నియు పరభాషవి. కావున నిజము దాచును, లేదా గుండె పగులునట్లు జెప్పును. ఇద్దఱు విద్యార్థులు రెండు నెలలు వార్డులలోను ఓ.పి. వరండాలలోను కూర్చుండి, రోగులు తమ నొప్పికి వాడు మాటలను వారి యనుమతితో సేకరించి, కఠినవార్తను తెలుగున మెల్లగా జెప్పు విధములను అనుభవజ్ఞులైన నర్సులనడిగి వ్రాసికొని, చిన్న పుస్తకముగా నచ్చువేయించినచో, బస్సుచార్జీలకు, ముద్రణకు ఎంత కావలెను? ఒక యంత్రము మరమ్మతు ఖర్చుకన్న తక్కువ. భారత వైద్యమండలి 2018లో ప్రవర్తన, నీతి, సంభాషణములను 27 పాఠభాగములుగా గూర్చి, 2019లో చేరిన విద్యార్థులనుండి నిర్బంధ మొనర్చినది. పాఠములు వచ్చినవి, వానికి తెలుగు ప్రాణము పోయవలసినవారము మనమే.

దరఖాస్తు వ్రాయుటయే యొక శిక్షణమని నా దృఢవిశ్వాసము. ఎవరి బాధ? ఏ వార్డున? ఏ వేళ? అది తగ్గినదని నీ కెట్లు తెలియును? అని ఫారము అడుగును. "దయను కొలుతురా?" యని యాక్షేపించువారికి నా సమాధానము చిన్నది: ఇంటికి బోవు తల్లి తన బిడ్డ మందుల వేళలను తిరిగి జెప్పగలదా లేదా యని చూడుడు, అది కొలువదగినదే.

అయితే విపక్షమున నొక సత్యము గలదు. చిన్న గ్రాంటులు పేరుకొఱకు, వేదికపై శాలువాల కొఱకు, ఎరువుదెచ్చుకొన్న వాక్యములతో నింపిన నివేదికల కొఱకు వ్యయమగుట కలదు. నర్సులు చాలని వార్డునకు నర్సుల నియమింపవలసిన ప్రభుత్వము, ఈ కొద్ది సొమ్మును జూపి బాధ్యతను దప్పించుకొనుటయు సహింపరానిది. అందుచేత లెక్కలు కఠినముగా నడుగుడు, నియామకములకై పోరాడుడు. అంతేగాని అడుగబోవు చేతిని ఆపకుడు.

కళాశాలల ప్రిన్సిపాళ్లకును విభాగాధిపతులకును నా విన్నపమిది. ఈ సంవత్సరము మీ గది ముంగిట నొక యువాధ్యాపకుడో, హౌస్ సర్జనో రెండు పుటల దరఖాస్తుతో నిలిచినచో, చదువుడు, బాగులేనిచోట దిద్దుడు, సంతకము చేయుడు. వారమునకు రెండు గంటలు ఆతనిని డ్యూటీనుండి విడిచిపుచ్చుడు.