గర్భస్రావం మాత్రలు: మందు చేరినంతగా సమాచారం చేరడం లేదు

2015లో మన దేశంలో దాదాపు 1 కోటి 56 లక్షల గర్భస్రావాలు జరిగాయని ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వాటిలో సుమారు 73 శాతం ఆసుపత్రి గడప తొక్కకుండా, మాత్రలతోనే జరిగాయి. అంటే ఎందరో మహిళలకు మందుల షాపు కౌంటరే ఆసుపత్రి. అక్కడ స్ట్రిప్పు చేతికి వస్తుంది కానీ, అది ఒంట్లో ఏం చేస్తుందో చెప్పేవారు తక్కువ.

గర్భం నిలవాలంటే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ కావాలి. తొలి వారాల్లో దీన్ని అండాశయంలోని కార్పస్ లూటియం తయారుచేస్తుంది, ఆ తర్వాత ఆ పనిని మాయ చేపడుతుంది. గర్భాశయం లోపలి పొర ఊడిపోకుండా, కండరాలు ముడుచుకోకుండా చూసేది ఇదే. మొదటి మాత్ర మిఫెప్రిస్టోన్, 200 మిల్లీగ్రాములు. కణాల్లో ప్రొజెస్టెరాన్ కూర్చోవాల్సిన గ్రాహకాలను ఇది ఆక్రమిస్తుంది. మన రిజర్వేషన్ సీట్లో మరొకరు కూర్చుని లేవనట్టే. హార్మోన్ రక్తంలో తిరుగుతూనే ఉంటుంది, దాని మాట మాత్రం చెల్లదు. లోపలి పొర సడలుతుంది, గర్భాశయ ముఖద్వారం మెత్తబడుతుంది.

ఈ మార్పులకు సమయం పడుతుంది. అందుకే ఒకటి రెండు రోజుల తర్వాతే రెండో మందు. అది మిసోప్రోస్టాల్, సాధారణంగా 200 మైక్రోగ్రాముల మాత్రలు నాలుగు. కడుపులో పుండ్ల కోసం వచ్చిన ఈ మందు గర్భాశయ కండరాలను ముడుచుకునేలా చేస్తుంది. అప్పుడు వచ్చే పొత్తికడుపు నొప్పి, రక్తస్రావం మందు వికటించడం వల్ల కాదు, పనిచేయడం వల్ల. 9 వారాల లోపు సరిగ్గా వాడితే 100 మందిలో 95 మందికి పైగా మరే చికిత్సా అవసరం లేకుండా ప్రక్రియ పూర్తవుతుంది. ఈ సంగతులు తెలియక అన్నీ ఒకేసారి మింగేవారు, కాస్త రక్తం కనబడగానే మిగతా మాత్రలు మానేసేవారు ఇబ్బందుల్లో పడతారు.

ఇంకో గందరగోళం 72 గంటల మాత్రతో. ఆ లెవోనార్జెస్ట్రెల్ అండం విడుదలను ఆలస్యం చేసి గర్భం రాకుండా చూస్తుంది. వచ్చిన గర్భాన్ని అది తీయలేదు. రెండింటినీ ‘ఆ మాత్ర’ అని గుసగుసగా అడిగితే ఏది చేతికొస్తుందో చెప్పలేం.

వైద్యులను కలవాలనడానికి అసలు కారణం వేరే ఉంది. గర్భం గర్భాశయంలో కాక ఫాలోపియన్ నాళంలో ఉంటే ఈ మాత్రలు దాన్ని తొలగించలేవు. రక్తస్రావం అయ్యిందని ఊరుకుంటే నాళం పగిలి ప్రాణం మీదికి రావచ్చు. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, 24 గంటలు దాటినా జ్వరం తగ్గకపోయినా, కళ్లు తిరిగినా, ఒకవైపు తీవ్రంగా నొప్పి వచ్చినా ఆలస్యం చేయకూడదు. మిసోప్రోస్టాల్ వాడాక ఒక రోజు గడిచినా రక్తస్రావమే కాకపోతే అదీ డాక్టరుకు చెప్పాల్సిన విషయమే.

దీనికి మందు షాపులపై దాడులే పరిష్కారమని కొందరి వాదన. నిజమే, చట్టప్రకారం ఈ మందు డాక్టరు చీటీతోనే ఇవ్వాలి. కానీ శిక్షణ పొందిన డాక్టరు మండల కేంద్రంలోనూ దొరకని చోట మాత్రను మాయం చేస్తే అవసరం మాయం కాదు, నాటు వైద్యం వైపు మళ్లుతుంది. ఆడపిల్లల భ్రూణహత్యలకు ఈ మాత్రలే కారణమన్న అనుమానం కూడా స్కానింగ్ విషయంలో నిలవదు. 9 వారాలకు ఆడ, మగ పిండాల బాహ్య జననాంగాలు ఒకేలా ఉంటాయి. ఆ దశలో స్కానింగ్‌లో తేడా కనిపించదు.

సరైన సమాచారం, అవసరమైనప్పుడు వైద్య సాయం అందుబాటులో ఉంటే 12 వారాల లోపు మహిళ ఇంట్లోనే ఈ ప్రక్రియ పూర్తి చేసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన నిబంధనల్లో మాత్రల పరిమితి 9 వారాలు. పరిమితిపై చర్చ ఎలా ఉన్నా, పెట్టెలోని కాగితం తెలుగులో, బొమ్మలతో, చదవగలిగే అక్షరాల్లో ఉండడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. ఆశా కార్యకర్తకు, ఫార్మసిస్టుకు పై నాలుగు ప్రమాద సంకేతాలు నేర్పడానికి పెద్ద ఖర్చూ కాదు.

ఆసుపత్రికి వెళ్తే పేరు బయటపడుతుందని, కేసు పెడతారని భయపడి రక్తం పోతున్నా ఇంట్లోనే ఉండిపోయేవారు ఉన్నారు. గర్భవిచ్ఛిత్తి చేయించుకున్న మహిళ వివరాలు గోప్యంగా ఉంచాలని 2021 సవరణ చట్టం స్పష్టంగా చెప్పింది. పెళ్లి కాలేదన్న కారణంతో తిరిగి పంపకూడదు కూడా. పైగా గర్భస్రావం అసంపూర్తిగా ఆగిపోతే చేసే చికిత్స, దానంతటదే జరిగిన గర్భస్రావానికి చేసే చికిత్సే.